వేడెక్కితేనే మిస్సింగ్ కొడుతోంది, అన్నీ మార్చేశాం... ఇంకేం మార్చాలి?

ప్రశ్న: నమస్తే అండీ. మాది విజయవాడ భవానీపురం. 2014 మోడల్ పెట్రోల్ కారు, నాలుగు సిలిండర్లు, లక్షా పదివేలు తిరిగింది. మొన్న మే నెల ఎండల్లో గుంటూరు నుంచి వస్తుంటే వారధి దగ్గరికొచ్చేసరికి టెంపరేచర్ ముల్లు పైకెళ్లిపోయింది, పక్కకి ఆపి చూస్తే రేడియేటర్ హోస్ చిట్లి నీళ్లన్నీ పోయాయి, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కీ, కింద ఉండే బ్లాక్‌కీ మధ్య సీల్) కూడా పోయిందని తర్వాత తెలిసింది. షెడ్డులో చెప్పిన ఖర్చు మా వల్ల కాలేదు. మా బావమరిది డిప్లొమా మెకానికల్ చదివాడు, చేతిపని బాగా వచ్చు, నేనూ తనూ కలిసి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే హెడ్ దించాం. హెడ్‌ని ఆటోనగర్ పట్టుకెళ్లి ఫేసింగ్ (అడుగు చదును) చేయించాం, ప్రెషర్ టెస్ట్ చేయించాం, వాల్వులు రుద్దించి కొత్త సీల్స్ వేయించాం. వాటర్ పంపు, థర్మోస్టాట్, టైమింగ్ చెయిన్ కిట్ అన్నీ కొత్తవే. టార్క్ రెంచ్ అద్దెకి తెచ్చి మాన్యువల్‌లో ఉన్న వరసలోనే బోల్టులు బిగించాం. మొదటి సెల్ఫ్‌కే స్టార్టయింది.

కానీ అప్పట్నుంచీ ఒకటే గొడవ. పొద్దున్నే స్టార్ట్ చేస్తే బాగుంటుంది, ఓ ఇరవై నిమిషాలు ఏ ఇబ్బందీ లేదు, బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో ఆగామంటే మాత్రం ఇంజిన్ మిస్సింగ్ కొడుతూ బండంతా వణుకుతుంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ, రాత్రిపూట అయితే ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. హైవే ఎక్కితే మళ్లీ మామూలే. స్కానర్ పెడితే ఒకసారి పీ0300 అని వస్తుంది, ఇంకోసారి ఏ కోడూ రాదు. ప్లగ్గులు మార్చాం, నాలుగు కాయిల్స్ మార్చాం, ఇంజెక్టర్లు క్లీన్ చేయించాం, థ్రాటిల్ బాడీ క్లీన్ చేయించాం, ఆక్సిజన్ సెన్సర్ మార్చాం, పెట్రోల్ పంపు కూడా మార్చాం. మధ్యలో క్లచ్ కేబుల్ బిగుసుకుపోతే అదీ మార్చాం, దానికీ దీనికీ సంబంధం లేదనుకోండి. వేడి మీద సెల్ఫ్ కూడా బరువుగా తిరుగుతోంది, బ్యాటరీ చూస్తే కొత్తదే. ఇప్పుడు ఒకాయన ఈసీఎం (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) మార్చాలంటున్నాడు, ఇంకొకాయన హెడ్ మళ్లీ దించాలంటున్నాడు, మా వీధిలో వాళ్లు అమ్మేయమంటున్నారు. నాన్నగారిని వారం వారం ఆసుపత్రికి తీసుకెళ్లాలి, బండి దారిలో ఆగిపోతుందేమోనని ఆయన ఎక్కడానికే భయపడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ

జవాబు: ముందు ఒక మాట చెప్పనివ్వండి. సెల్లార్‌లో లైటు పెట్టుకుని హెడ్ దించి, లేత్ పని ఆటోనగర్‌లో చేయించుకుని, టార్క్ రెంచ్‌తో వరసలో బిగించి మొదటి సెల్ఫ్‌కే స్టార్ట్ చేశారంటే మీ ఇద్దరి పని బాగుందన్నట్టే. గ్యాస్కెట్ నిలబడింది, నీళ్లు తగ్గడం లేదు (తగ్గుతుంటే మీరు రాసేవారే), టైమింగ్ కలిసింది. అందుకని హెడ్ మళ్లీ దించమన్న మాట ఇప్పుడే వినొద్దు, ఈసీఎం మాట అసలే వినొద్దు, అమ్మేయమన్నవాళ్ల సంగతి తర్వాత చూద్దాం.

మీరు సంబంధం లేదని తీసేసిన క్లచ్ కేబుల్ దగ్గరే నేను ఆగిపోయాను. నా అనుమానమంతా అక్కడ్నుంచే మొదలైంది, ఎందుకో చెప్తాను.

మీరూ, మీ బండి చూసిన మెకానిక్కులూ అందరూ దీన్ని వేడి సమస్య అనుకుంటున్నారు. మీరు రాసినవే ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. ట్రాఫిక్‌లో ఆగితే వస్తుంది, ఏసీ వేస్తే ఎక్కువవుతుంది, రాత్రిపూట ఇంకా ఎక్కువవుతుంది, హైవే మీద పోతుంది. నిజంగా వేడి వల్లే అయితే రాత్రి చల్లబడ్డాక తగ్గాలి కదా, పెరగడమేంటి? రాత్రి కొత్తగా వచ్చేది హెడ్‌లైట్లు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కొత్తగా వచ్చేది రేడియేటర్ ఫ్యాన్. ఏసీ వేస్తే ఫ్యాను, బ్లోయరు, కంప్రెసర్ క్లచ్ మూడూ ఒకేసారి కరెంటు లాగుతాయి. హైవే మీద ఎదురుగాలికే రేడియేటర్ చల్లబడుతుంది కాబట్టి ఫ్యాన్ తిరిగే పని పెద్దగా ఉండదు, పైగా ఆర్పీఎం ఎక్కువ కాబట్టి ఇంజిన్ చిన్న చిన్న తేడాలు తట్టుకుంటుంది. పొద్దున్న మొదటి ఇరవై నిమిషాలు బాగుండటం కూడా అందుకే, ఫ్యాన్ ఇంకా తిరగడం మొదలుపెట్టలేదు. ఈ నాలుగింటిలోనూ ఉన్నది కరెంటు లోడు. వేడి ఊరికే దాని పక్కన నిలబడి నింద మోస్తోంది.

ఇప్పుడు క్లచ్ కేబుల్ సంగతి. కారులో ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, అంటే ఇంజిన్‌కీ బాడీకీ మధ్య కరెంటు పోయే గట్టి ఇనుప దారి ఎర్త్ వైర్లు తప్ప ఇంకోటి లేదు. బ్యాటరీ మైనస్ నుంచి గేర్‌బాక్స్‌కో బ్లాక్‌కో ఒక లావు వైరు వస్తుంది, ఇంజిన్ నుంచి బాడీకి ఇంకో వైరో జడలాంటి స్ట్రాపో ఉంటుంది, ఇవి కాక చాలా కార్లల్లో కాయిల్స్, సెన్సర్లు, ఈసీఎం వీటి ఎర్త్ వైర్లు సన్నవి కొన్ని కలిపి హెడ్‌కో ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కో ఒక బోల్టుతో బిగించి ఉంటాయి. హెడ్ దించాలంటే వీటిలో కొన్నయినా విప్పక తప్పదు. తిరిగి బిగించేటప్పుడు ఏదో ఒకటి మానిఫోల్డ్ వెనకాల కనపడకుండా వేలాడుతూ ఉండిపోతుంది, లేదా బిగించినా కింద సిలికాన్ పేస్టు అంటుకుని ఉంటుంది, లేదా రంగు వేసి ఉన్న బోల్టుకి బిగిస్తారు. చూడ్డానికి అంతా బిగిసే ఉంటుంది, కరెంటు మాత్రం సరిగ్గా పోదు.

కాలవ పూడిపోతే వాన నీళ్లు పక్క సందులోకి తిరిగినట్టు, ఎర్త్ దారి మూసుకుపోతే ఆ కరెంటు దొరికిన ఇనుము పట్టుకుని పోతుంది. మీ బండిలో ఆ దొరికిన ఇనుము గేర్‌బాక్స్ నుంచి లోపల పెడల్ దాకా వెళ్లే క్లచ్ కేబుల్ అయ్యుండొచ్చు. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా పెద్ద కరెంటు దానిలోంచి పోతుంటే కేబుల్ కాలుతుంది, లోపలున్న ప్లాస్టిక్ తొడుగు కరిగి కేబుల్ బిగుసుకుపోతుంది. బ్యాటరీ కొత్తదే అయినా వేడి మీద సెల్ఫ్ బరువుగా తిరుగుతోందంటే, అది కూడా ఇటువైపే చూపిస్తోంది. పాత కేబుల్ ఇంకా పారేయకపోతే ఒకసారి కోసి లోపల చూడండి, ప్లాస్టిక్ కరిగి ఉంటే సగం పని అయిపోయినట్టే.

మరి మిస్సింగ్ ఎందుకు వస్తుందంటారా? ఆల్టర్నేటర్ ఇంజిన్‌కే బిగించి ఉంటుంది కదా. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఫ్యాన్‌కి, లైట్లకి కరెంటు ఆల్టర్నేటర్ నుంచే వెళ్తుంది, ఆ కరెంటంతా బాడీ మీదుగా తిరిగి ఆల్టర్నేటర్‌కి చేరాలంటే ఇంజిన్ ఎర్త్ వైరు దాటి రావాల్సిందే. ఆ వైరు దగ్గర అడ్డం ఉంటే లోడు పడినప్పుడల్లా ఇంజిన్ ఎర్త్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య వోల్టేజ్ తేడా వచ్చేస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ మొత్తం పనిచేసేదే సుమారు 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య, అలాంటి చోట అర వోల్టు తేడా వచ్చిందంటే ఈసీఎం చూసే లెక్కలన్నీ తప్పే, పెట్రోల్ ఎక్కువో తక్కువో పోస్తుంది, కాయిల్స్‌కి అందే కరెంటు కూడా తగ్గి స్పార్క్ బలహీనపడుతుంది. ఏ ఒక్క సిలిండర్‌దీ తప్పు కాదు కాబట్టే కోడ్ కూడా ఫలానా సిలిండర్ అని చెప్పే పీ0301, పీ0302 కాకుండా అన్నిటికీ కలిపి పీ0300 అని వస్తోంది. మీరు కొత్తవి ఎన్ని వేసినా ఆ కొత్తవి కూడా అదే చెడ్డ ఎర్త్ మీద పనిచేయాలి కదండీ, అందుకే ఏదీ ఫలితం ఇవ్వలేదు.

ఇదంతా నా అనుమానం మాత్రమే, బండి నేను చూడలేదు. కాబట్టి నా మాట మీద కూడా ఏమీ కొనొద్దు, ముందు తేల్చుకోండి. తేల్చుకోవడానికి ఖర్చు కూడా పెద్దగా లేదు.

రేపు పొద్దున్న ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఐడ్లింగ్‌లో ఉంచి, హెడ్‌లైట్లు హై బీమ్ వేయండి, బ్లోయర్ ఫుల్ పెట్టండి, వెనక అద్దం హీటర్ ఉంటే అదీ వేయండి, బ్రేక్ తొక్కి పట్టుకోమని ఎవరినైనా కూర్చోబెట్టండి. ఏసీ మాత్రం వేయొద్దు, ఎందుకంటే కంప్రెసర్ ఇంజిన్ మీద బరువు కూడా వేస్తుంది, అప్పుడు వణుకు కరెంటు వల్లో బరువు వల్లో తెలియదు. చల్లటి ఇంజిన్‌లోనే మిస్సింగ్ మొదలైందంటే వేడికీ దీనికీ సంబంధం లేదని మీ కళ్లముందే తేలిపోయింది. అప్పుడు రాకపోతే నిరాశపడొద్దు, బండి వేడెక్కి ఫ్యాన్ తిరుగుతూ మిస్సింగ్ కొడుతున్నప్పుడు ఫ్యాన్ ఫ్యూజు కొద్ది సెకన్లు తీసి చూడండి. ఇంజిన్ వణుకు వెంటనే తగ్గితే అదే. టెంపరేచర్ ముల్లు మీద కన్ను పెట్టి, ఫ్యూజు వెంటనే మళ్లీ పెట్టేయాలి, ఒకసారి వేడికి గ్యాస్కెట్ పోయిన బండి అది, మర్చిపోవద్దు.

తర్వాత మల్టీమీటర్. చవకరకం డిజిటల్ మీటర్ చాలు. డీసీ వోల్టుల్లో చిన్న స్కేల్ పెట్టుకుని నల్ల వైరు బ్యాటరీ మైనస్ పోల్ మీదే ఆనించండి, క్లాంప్ మీద కాదు, పోల్ మీద, ఎందుకంటే ఒక్కోసారి తప్పు ఆ క్లాంప్‌లోనే ఉంటుంది. ఎర్ర వైరు హెడ్ మీద రంగు లేని శుభ్రమైన లోహం మీద ఆనించండి. ఇంజిన్ నడుస్తూ లోడ్లన్నీ వేసి ఉన్నప్పుడు మీటర్ 0.1 వోల్టు లోపు చూపిస్తే మంచిదే. మైనస్ గుర్తుతో వచ్చినా కంగారుపడొద్దు, నడిచేటప్పుడు కరెంటు అటువైపే పోతుంది కాబట్టి అలాగే వస్తుంది, అంకె చూడండి చాలు. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఓ 0.2, 0.3 దాకా ఫర్వాలేదు, అర వోల్టు దాటిందంటే ఎర్త్ దారిలో అడ్డం ఉన్నట్టే. తర్వాత ఎర్ర వైరు బాడీ మీద పెట్టి చూడండి, ఆ తర్వాత సన్న వైర్లు బిగించిన ఆ మానిఫోల్డ్ బోల్టు మీద, ఆ వైరు చివరి రింగు మీద విడివిడిగా చూడండి. హెడ్ మీద బాగుండి రింగు మీద తేడా వస్తే బోల్టు దగ్గరే తప్పు.

ఇంకా తేలికైన పరీక్ష ఒకటుంది. బ్యాటరీ డౌన్ అయితే వాడే జంపర్ కేబుల్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి, అందులో నల్లది ఒక్కటే తీసుకుని ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఇంజిన్‌ని ఎత్తడానికి ఉండే ఇనుప కొక్కేనికి పెట్టండి. బెల్టుకీ ఫ్యాన్‌కీ తగలకుండా చూసుకోండి, ఎర్ర కేబుల్‌తో అసలు పని లేదు. మిస్సింగ్ కొడుతున్న ఇంజిన్ ఆ కేబుల్ పెట్టగానే సర్దుకుంటే లావు వైరు సంగతి తేలిపోయింది. సర్దుకోకపోతే కూడా ఎర్త్ బాగుందని అప్పుడే అనుకోవద్దు, సన్న వైర్ల బోల్టు వదులై ఉంటే ఈ కేబుల్ దాన్ని సరిచేయదు, అందుకే మీటర్‌తో ఆ రింగు మీద చూడమన్నది.

తప్పు దొరికితే పని చిన్నదే. ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. ఎర్త్ బోల్టు విప్పి రింగుని, అది కూర్చునే చోటుని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి, సిలికాన్ ఉంటే మొత్తం గీకేయండి, బోల్టు గట్టిగా బిగించాక పైన కొంచెం వాజలీన్ పూయండి. వైరు తొడుగు కోసి చూస్తే లోపల రాగి పచ్చగా అయ్యుంటే శుభ్రం చేయడం దండగ, ఆటోనగర్‌లో బ్యాటరీ కేబుళ్లు చేసిచ్చేవాళ్ల దగ్గర పాతదానంత లావుది, ఇంకొంచెం లావుదయినా మంచిదే, రింగులు నొక్కించి తెచ్చుకోండి.

ఇప్పుడు, ఎర్త్ అంతా కొలిచి చూశారు, బాగానే ఉంది అనుకుందాం. అప్పుడు కూడా పార్టులు మార్చే దారిలోకి వెళ్లొద్దు. ఆల్టర్నేటర్ వోల్టేజ్ చూడండి, ఐడ్లింగ్‌లో లోడ్లన్నీ వేసినా బ్యాటరీ మీద 13.5 పైనే ఉండాలి. అది బాగుంటే స్కానర్‌లో కోడ్ చూసి మూసేయకుండా లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీఎం పెట్రోల్‌ని ఎంత శాతం పెంచి, తగ్గించి సర్దుతోందో చెప్పే అంకె) చూడమనండి. ఐడ్లింగ్‌లో ట్రిమ్ ప్లస్ ఇరవై శాతం పైకి వెళ్లి, 2500 ఆర్పీఎం దగ్గర మామూలుకి వచ్చేస్తే ఎక్కడో గాలి పీలుస్తోంది, ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ ఒక చోట మడత పడిందా, బ్రేక్ బూస్టర్ హోస్ సరిగ్గా ఎక్కిందా చూడాలి. ఆర్పీఎం పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతుంటే పెట్రోల్ ప్రెషర్ వైపు వెళ్లాలి. అదీ కాకపోతే కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) కొలిపించాలి. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి చూసి వదిలేయడం అలవాటు మనవాళ్లకి, మీరు మాత్రం బండి బాగా వేడెక్కి మిస్సింగ్ కొడుతున్నప్పుడే ఆపి చూపించండి. నాలుగింటికీ మధ్య తేడా ఎక్కువ ఉండకూడదు, పక్కపక్క రెండు సిలిండర్లలో మాత్రమే పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్, ఒక్కదాన్లో పడిపోతే వాల్వు.

వాల్వ్ అంటే గుర్తొచ్చింది, మీరు వాల్వులు రుద్దించారు, తర్వాత టాపెట్ గ్యాప్ (వాల్వు తోకకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే సందు) చూశారా లేదా రాయలేదు. వాల్వు రుద్దితే అది సీటులో కొంచెం లోపలికి కూర్చుంటుంది, దాని తోక పైకి వస్తుంది, గ్యాప్ తగ్గిపోతుంది. గ్యాప్ ఎక్కువుంటే టప్ టప్ మని మోగి మనకి చెప్తుంది, తక్కువుంటే ఏమీ చప్పుడు ఉండదు, ఇంజిన్ మెత్తగా నడుస్తోందని మనం సంతోషిస్తూ ఉంటాం, లోపల ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతూ ఉంటుంది. మీ ఇంజిన్‌లో హైడ్రాలిక్ టాపెట్లు (గ్యాప్‌ని తమంతట తామే సర్దుకునేవి) లేకపోతే, ఎర్త్ సమస్య దొరికినా సరే, ఒక ఆదివారం వాల్వ్ కవర్ తీసి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్న రేకులు) అన్నీ కొలిచి కాగితం మీద రాసుకోండి, మాన్యువల్‌లో అంకెతో పోల్చండి. ఇది మాత్రం వాయిదా వేయొద్దు.

ఈసీఎం గురించి ఒక్కటే. దాని సాకెట్ దగ్గర ప్లస్ ఎంత వస్తోంది, ఎర్త్ ఎంత ఉంది అని కొలిచి కాగితం మీద రాసి చూపించలేని మనిషి చెప్తే మార్చొద్దు. ఆటోనగర్‌లో దేశంలో ఎక్కడా తీసిపోని చేతులున్నాయి, నాకు ఆ మేస్త్రీల మీద చాలా గౌరవం, కానీ ఎంత పెద్ద మేస్త్రీ అయినా ‘మార్చి చూద్దాం’ అంటే, డబ్బులు మీవి కాబట్టి, ‘ముందు కొలిచి చూద్దాం అన్నా’ అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు.

కొలతలు వచ్చాక నాకు రాయండి. అప్పటిదాకా నాన్నగారిని రాత్రిపూట ఆ బండిలో తీసుకెళ్లొద్దు, పగలు వెళ్లినా ఏసీ లేకుండా వెళ్లండి.

ప్రశ్న: మేం కూడా ఇంటి దగ్గరే హెడ్ గ్యాస్కెట్ మార్చాం. అంతా బాగానే ఉంది, పొద్దున్న స్టార్ట్ చేస్తే సైలెన్సర్‌లోంచి తెల్లపొగ వస్తోంది. మళ్లీ పోయిందా?
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: డిసెంబర్, జనవరి పొద్దుల్లో ఐదు నిమిషాలు వచ్చి పోయే తెల్లపొగ మామూలు ఆవిరి, దానికి భయపడక్కర్లేదు. బండి వేడెక్కాక కూడా వస్తుంటే, తియ్యటి వాసన వేస్తుంటే అనుమానించాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ ట్యాంకు మీద గీత పెట్టుకుని వారం రోజులు రోజూ అదే టైముకి చూడండి. తగ్గకపోతే ప్రశాంతంగా ఉండండి. తగ్గుతుంటే, పొద్దున్న సెల్ఫ్ కొట్టగానే హోస్ రాయిలా గట్టిపడుతుంటే, కూలెంట్‌లో ఎగ్జాస్ట్ గ్యాస్ ఉందా లేదా చెప్పే రంగు మందు పరీక్ష ఉంది, అది చేయించండి. నీలం మందు పసుపుకి తిరిగితే గ్యాస్ కలుస్తున్నట్టే. అప్పుడు హెడ్ దించక తప్పదు, దించినప్పుడు హెడ్ ఒక్కటే కాదు, బ్లాక్ పైభాగం కూడా స్ట్రెయిట్ ఎడ్జ్ (వంపు తెలిసే తిన్నటి ఇనుప పట్టీ) పెట్టి చూడాలి, హెడ్‌ని ఫేసింగ్‌కి పంపి బ్లాక్ సంగతి వదిలేసేవాళ్లు చాలామంది ఉన్నారు. బోల్టు రంధ్రాల అడుగున నూనె గానీ నీళ్లు గానీ ఉండకూడదు, ఉంటే టార్క్ రెంచ్ క్లిక్ అంటుంది కానీ గ్యాస్కెట్ మీద అంత పట్టు పడదు, ఒక్కోసారి బ్లాకే పగులుతుంది.

ప్రశ్న: 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో మా ఇల్లు, కారు రెండూ మునిగాయి. సీట్ల దాకా నీళ్లు వచ్చాయి. ముందు ఇంటి సంగతి చూసుకోవాలి కదండీ, గోడలు, కరెంటు వైరింగు, తలుపులు అన్నీ రిపేరు అయ్యేసరికి నెలలు పట్టింది, కారు ఆ తర్వాతే బాగుచేయించాం. ఆయిల్స్ మార్చి, సీట్లు తీసి ఎండబెట్టి స్టార్ట్ చేశారు, నడుస్తోంది. కానీ చెక్ లైటు వస్తుంది పోతుంది, ప్రతిసారీ వేరే కోడ్, వానపడితే స్టార్టవదు.
– అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

జవాబు: ఇల్లు ముందు చూసుకోవడమే సరైన పని, దానికి బాధపడొద్దు. ఆ రోజుల్లో మీ నగర్‌లో పిల్లలకి పాలు దొరకడమే కష్టమైంది, కారు గురించి ఎవరు ఆలోచిస్తారు.

ప్రతిసారీ వేరే కోడ్ వస్తోందంటే సెన్సర్లు ఒక్కొక్కటిగా పోతున్నాయని కాదు. వరద నీళ్లు మురికి నీళ్లు, కనెక్టర్లలోకి వెళ్లి ఎండాక లోపల బురద, ఉప్పు మిగిలిపోతాయి, వానాకాలం చెమ్మకి అవి మళ్లీ తడిసి పిన్నుకీ పిన్నుకీ మధ్య కరెంటు పాకుతుంది. కార్పెట్ కింద డ్రైవర్ పక్క గుమ్మం వెంట పోయే వైరింగ్ కట్ట, ఫ్యూజు బాక్సు వెనకవైపు, బాడీకి బిగించిన ఎర్త్ పాయింట్లు, ఇవన్నీ బ్యాటరీ తీసేసి ఒక్కొక్కటి విప్పి చూడాలి. పచ్చగా పట్టిన పిన్నుల్ని కాంటాక్ట్ క్లీనర్‌తో కడగాలి, తినేసిన పిన్నులుంటే మార్చాలి. ప్రెషర్ వాటర్ కొట్టించొద్దు దయచేసి. నెలల తరబడి నిలబడిన బండి కాబట్టి ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా చూడమనండి, బానెట్ కింద మాత్రమే కాదు, పెట్రోల్ ట్యాంకు పైన పోయే వైర్లు కూడా. ట్యాంకులో పాత పెట్రోల్ ఉంచేసి ఉంటే మొత్తం దించేయండి, ఇప్పుడొచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, అది నీళ్లని లాక్కుంటుంది, ఎక్కువైతే ఆ నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి, పంపు ఆ అడుగునుంచే లాగుతుంది.

ఇంకొకటి, ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లిన బండిని ఎవరైనా ముందుగా సెల్ఫ్ కొట్టి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూపించండి, ఒక్కదాన్లో మాత్రమే తక్కువొచ్చి, కింద నుంచి కొట్టుకునే చప్పుడు వస్తుంటే బండి నడపడం ఆపేయండి.

ప్రశ్న: గ్యాస్ మీద మిస్సింగ్ కొడుతోంది, పెట్రోల్ మీద బాగుంది. సీఎన్జీ కిట్ వేయించి మూడేళ్లయింది. కిట్ మార్చమంటున్నారు.
– మిర్చి యార్డు దగ్గర్నుంచి, గుంటూరు

జవాబు: కిట్ తర్వాత. సీఎన్జీని మండించడానికి పెట్రోల్ కంటే గట్టి స్పార్క్ కావాలి, అందుకని అరిగిన ప్లగ్గు, బలహీనమైన కాయిల్ ముందు గ్యాస్ మీదే బయటపడతాయి. ప్లగ్ గ్యాప్ చూడండి, గ్యాస్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తు తెచ్చుకోండి, గ్యాస్ ఇంజెక్టర్లు చూపించండి. మూడేళ్లు ఎక్కువగా గ్యాస్ మీదే తిప్పి ఉంటే టాపెట్ గ్యాప్ తప్పనిసరిగా కొలిపించండి, గ్యాస్ మీద ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు తొందరగా అరుగుతాయి, గ్యాప్ తగ్గుతుంది.

ప్రశ్న: హెడ్ వేసిన వెయ్యి కిలోమీటర్లకి బోల్టులు మళ్లీ బిగించాలా? మా తాతగారి కాలంలో బిగించేవారట.
– తెనాలి

జవాబు: ఆ కాలం గ్యాస్కెట్లకి అవసరమే, అవి వేడికి అణిగేవి. ఇప్పుడొచ్చే మల్టీలేయర్ స్టీల్ గ్యాస్కెట్లకి, డిగ్రీల లెక్కన తిప్పి బిగించే బోల్టులకి మళ్లీ బిగించమని మాన్యువల్ చెప్తే తప్ప ముట్టుకోవద్దు, ఆ బోల్టులు సాగేలాగే బిగిస్తారు, ఇంకో పావు వంతు తిప్పితే తెగొచ్చు. చాలా ఇంజిన్లలో ఆ బోల్టులు రెండోసారి వాడకూడదు కూడా, మీరు పాతవే వేసి ఉంటే కూలెంట్ మట్టం మీద రోజూ ఒక కన్నేసి ఉంచండి.